ఆశిస్తున్నాను అన్న మాట షరతు కాదు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు చెప్పుకొని నేరుగా విషయంలోకి వస్తాను.

నిర్వాహకులు నాకు ఈ అంశాన్ని రెండు భాగాలుగా ఇచ్చారు. ఓపెన్ సోర్స్ లైసెన్సులను, అంటే ప్రోగ్రాము సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్ రాసిన మూల రూపాన్ని) ఎవరైనా వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి అనుమతినిచ్చే పత్రాలను, ఎవరు, ఏ ప్రాతిపదిక మీద ఆమోదిస్తారన్నది మొదటిది. ఉల్లంఘన జరిగినప్పుడు న్యాయస్థానంలో వాటిని ఎలా అమలు చేయించుకోవాలన్నది రెండవది. ఈ రెండింటినీ వేరువేరుగా చూడడమే మన పొరపాటని చెప్పడానికి వచ్చాను. ఆమోదించే రోజున అడగని ప్రశ్న కోర్టు మెట్లెక్కిన రోజున ఎదురవుతుంది, అప్పటికి దిద్దుకునే వీలుండదు.

ముందుగా ఆమోదం సంగతి. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్, డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు 1997లో రాసుకున్న మార్గదర్శకాలను ఆధారం చేసుకొని, 10 సూత్రాల నిర్వచనాన్ని తయారుచేసింది. కొత్త లైసెన్సు ఏది వచ్చినా ఆ నిర్వచనంతో పోల్చి, బహిరంగంగా చర్చించి, ఆపైన ఆమోదించడమో కాదనడమో చేస్తుంది. ఆమోదం పొందినవి ఇప్పటికే వంద దాటాయి. 5వ సూత్రం ప్రకారం ఏ వ్యక్తి పట్ల గానీ సమూహం పట్ల గానీ లైసెన్సు వివక్ష చూపకూడదు. 6వ సూత్రం ప్రకారం ఏ వినియోగ రంగం పట్లా వివక్ష చూపకూడదు. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తాను ప్రచారంలోకి తెచ్చిన జేసన్ అనే డేటా రూపానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులో ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు అని ఒక్క వాక్యం చేర్చారు. ఆ సంకల్పాన్ని తప్పుపట్టేవారు ఎవరూ ఉండరు. కానీ ఏది మంచి, ఏది చెడు అని నిర్ణయించే కొలత ఆ వాక్యంలో లేదు కనుక, దాన్ని పాటించాలనుకున్న సంస్థ న్యాయవాది సైతం పాటిస్తున్నామని ధీమాగా చెప్పలేరు. 6వ సూత్రం స్వేచ్ఛ కోసం పుట్టినదే అయినా, న్యాయమూర్తి తేల్చలేని మాటలు లైసెన్సులోకి రాకుండా అది అడ్డుకుంటున్నది. అలాగే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే మాంగోడీబీ సంస్థ 2018 అక్టోబరులో సర్వర్ సైడ్ పబ్లిక్ లైసెన్సును తెచ్చి, తన సాఫ్ట్‌వేర్‌ను సేవగా అందించేవారు ఆ సేవను నడిపే తక్కిన సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను కూడా ఇవ్వాలని షరతు పెట్టినప్పుడు, సమీక్షలో తీవ్రమైన చర్చ జరిగింది, 2019 మార్చిలో ఆ సంస్థే తన దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ఇదంతా శ్రద్ధగా జరుగుతున్న పని. నా ఫిర్యాదు దాని మీద కాదు.

నా ఫిర్యాదు ఏమిటో చెప్పాలంటే నాకు వచ్చిన ఒక ఉత్తరం గురించి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేనొక చిన్న లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకోగల కోడ్, రాసి అందరికీ విడుదల చేశాను. ఒక సంస్థ దాన్ని తన పరికరంలో పెట్టి, నా పేరును, కాపీరైట్ ప్రకటనను తీసివేసి అమ్మింది. పేరు తిరిగి పెట్టమని మర్యాదగా రాశాను. సమాధానంలో రెండు మాటలున్నాయి. మీరు ఉచితంగా ఇచ్చినదానిలో మీకు కలిగిన నష్టం ఏమిటన్నది మొదటి మాట. రెండవది చివర్లో చెబుతాను, ఎందుకంటే ఈ రోజుకూ నన్ను బాధించేది అదే.

మొదటి మాటకు జవాబు నేను వెతుక్కోనక్కరలేదు, అమెరికాలో ఒక న్యాయస్థానం ఇచ్చింది. భౌతికశాస్త్ర ఆచార్యులు రాబర్ట్ జేకబ్‌సెన్, మరికొందరు కలిసి నమూనా రైళ్లను నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, ఆర్టిస్టిక్ లైసెన్సు కింద ఉచితంగా అందించారు. మాథ్యూ కాట్జర్ అనే వ్యాపారి సంస్థ అందులోని ఫైళ్లను తన సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంది. రచయితల పేర్లు, కాపీరైట్ ప్రకటనలు, అసలు ఫైళ్లు ఎక్కడివి, వాటిలో ఏమేమి మార్చారు అన్న వివరాలు, ఇవేవీ ఉంచలేదు. జేకబ్‌సెన్ 2006లో దావా వేశారు. 2007లో జిల్లా న్యాయస్థానం తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. లైసెన్సు విస్తారంగా అనుమతి ఇచ్చింది కనుక, నియమం తప్పితే అది కాంట్రాక్టు ఉల్లంఘన అవుతుందేమో గానీ కాపీరైట్ ఉల్లంఘన కాదని ఆ న్యాయస్థానం భావించింది.

ఈ తేడా దగ్గర కొంచెం ఆగాలి, దయచేసి ఇక్కడ నాతో ఉండండి. లైసెన్సులోని ఒక నియమం షరతు అయితే, దాన్ని పాటించనివారికి అసలు అనుమతే లేనట్టు. అనుమతి లేకుండా నకలు తీసినవారు కాపీరైట్ చట్టం కింద జవాబుదారులు, న్యాయస్థానం వారి పంపిణీని ఆపించగలదు. అదే నియమం కేవలం ఒక హామీ అయితే, అనుమతి అలాగే నిలిచి ఉంటుంది. మాట తప్పినందుకు మీకు కలిగిన నష్టాన్ని డబ్బులో చూపించి, అంతవరకే అడగాలి. డబ్బు తీసుకోకుండా ఇచ్చినదానికి డబ్బులో నష్టం చూపించమంటే ఏం చూపిస్తాం? ఆ ప్రశ్న దగ్గరే మనం ఓడిపోతాం.

2008 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. డబ్బు చేతులు మారనంత మాత్రాన ఆర్థిక ప్రయోజనం లేదనుకోకూడదని, ఉచితంగా పంచడం ద్వారా రచయితకు పేరు వస్తుందని, వాడుకరులు పెరుగుతారని, నిపుణులు లోపాలు దిద్దడం వల్ల రచన మెరుగుపడుతుందని స్పష్టంగా చెప్పింది. ఇక నియమం షరతా, హామీయా అన్న ప్రశ్నను ఎలా తేల్చిందో గమనించండి. ఆర్టిస్టిక్ లైసెన్సు అనుమతులిస్తూ వాడిన 'ప్రొవైడెడ్ దట్' అన్న మాటలను, అంటే ఫలానా పని చేసిన పక్షంలోనే అన్న అర్థాన్నిచ్చే మాటలను, పట్టుకుంది. కాలిఫోర్నియా కాంట్రాక్టు చట్టంలో ఆ మాటలు సాధారణంగా షరతును సూచిస్తాయని చెప్పింది. భాష అస్పష్టంగా ఉందని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఎంతో కాలంగా విమర్శించిన లైసెన్సు అది. దాన్ని ఆ రోజున నిలబెట్టినది రెండు మాటలు. కేసు తిరిగి కింది న్యాయస్థానానికి వెళ్లి, 2010 ఫిబ్రవరిలో 1,00,000 డాలర్ల చెల్లింపుతో, శాశ్వత నిషేధ ఉత్తర్వుతో రాజీ అయింది.

ఇక్కడ కూర్చున్నవారిలో ప్రోగ్రాములు రాసి విడుదల చేసినవారు చాలామంది ఉన్నారు. ఈ రాత్రి మీ ప్రాజెక్టులోని లైసెన్సు ఫైలు తెరిచి చదవమని చేతులు జోడించి అడుగుతున్నాను. ఎంఐటీ లైసెన్సు అయితే 'కింది షరతులకు లోబడి' అని, బీఎస్‌డీ అయితే 'కింది షరతులు నెరవేరిన పక్షంలో' అని అందులో కనిపిస్తుంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ రాసిన జీపీఎల్ అనే లైసెన్సు 2వ సంచిక 4వ విభాగం, నియమాలు తప్పినవారి హక్కులు వాటంతటవే ముగిసిపోతాయని చెబుతుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే నెట్‌ఫిల్టర్ రచయితల్లో ఒకరైన హరాల్డ్ వెల్టే 2004లో మ్యూనిక్ న్యాయస్థానానికి వెళ్లినప్పుడు, సైట్‌కామ్ అనే నెట్‌వర్క్ పరికరాల సంస్థ పంపిణీని ఆ విభాగం ఆధారంగానే ఆపించగలిగారు.

అమలు అంటే శిక్షించడమని కొందరు అనుకుంటారు, నేను ఒప్పుకోను. 2003లో లింక్‌సిస్ రౌటరు ఒకదానిలో జీపీఎల్ కింద విడుదలైన లినక్స్ ఉందని బయటపడి, ఒత్తిడి మీద దాని సోర్స్ కోడ్ విడుదలైనప్పుడు, ఆ కోడ్ నుంచే రౌటర్లలో నడిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అందించే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు ఎదిగింది. నియమాన్ని పాటింపజేయడం వల్ల వచ్చిన ఫలం అది. 2007లో వచ్చిన జీపీఎల్ 3వ సంచిక, మొదటిసారి తప్పు చేసినవారు నోటీసు అందిన 30 రోజుల్లో దిద్దుకుంటే హక్కులు తిరిగి నిలిచేలా ఏర్పాటు చేసింది. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కలిసి 2015లో ప్రకటించిన సూత్రాలు కూడా అమలులో డబ్బు ప్రధానం కాకూడదంటాయి.

రచయిత ముందుకు రాకపోతే ఎవరు అడగాలి అన్న ప్రశ్న ఒకటి ఉంది. వేలమంది రాసిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఉన్న టీవీని కొన్నవారు, ఆ సోర్స్ కోడ్ మాకు రావలసినది అని అడగవచ్చా? అదే కన్సర్వెన్సీ 2021 అక్టోబరులో టీవీలు అమ్మే విజియో సంస్థ మీద కొనుగోలుదారుగానే దావా వేసింది. అక్కడ కాపీరైట్ బదులు కాంట్రాక్టునే ఆధారం చేసుకున్నారు. అంటే ఇంతసేపూ నేను బలహీనమైనదని చెప్పిన దారి, కోరినది పరిహారం కాక సోర్స్ కోడే అయినప్పుడు, బలమైనది కావచ్చు. ఆమోద సమీక్షలో ఈ రెండు దారులనూ పరీక్షించాలని నేను కోరేది అందుకే. ఈ నియమం తప్పితే ఎవరు, ఏ చట్టం కింద, ఏమి కోరగలరన్న ప్రశ్నకు జవాబు రాని లైసెన్సు, 10 సూత్రాలకూ సరిపోయినా సరే, ఆమోదానికి సిద్ధం కానట్టే లెక్క.

ఇక ఆ ఉత్తరంలోని రెండవ మాట. నేను ఆ లైబ్రరీని విడుదల చేసినప్పుడు ఆమోదం పొందిన లైసెన్సులు నాకు అందుబాటులోనే ఉన్నాయి. అవి పొడుగ్గా, కటువుగా ఉన్నాయనిపించి, సొంతంగా నాలుగు వాక్యాలు రాసుకున్నాను. ఎవరైనా, ఎలాగైనా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని, అమ్ముకోవచ్చని రాసి, చివర్లో 'నా పేరును, ఈ ప్రకటనను అలాగే ఉంచుతారని ఆశిస్తున్నాను' అని ముగించాను. ఆ సంస్థ న్యాయవాది ఆ చివరి వాక్యాన్ని గీత గీసి చూపించి, ఇది మీ ఆశ మాత్రమే, మాకు పెట్టిన షరతు కాదు అని రాశారు. నేను సంప్రదించిన న్యాయవాది కూడా కాగితం రెండుసార్లు చదివి అదే మాట అన్నారు. తరువాతి సంచికను ఆమోదం పొందిన లైసెన్సు కింద విడుదల చేశాను. పాత సంచికకు ఇచ్చిన అనుమతి మాత్రం ఇచ్చినట్టే ఉంది, ఆ పరికరంలో ఉన్నది పాత సంచికే.