విషాన్ని విరిచేదీ లివరే, కొన్నిసార్లు తయారుచేసేదీ లివరే

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఒక హెపటాలజిస్ట్ (లివర్ డాక్టర్), ఒక ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) ప్రొఫెసర్, ఒక టాక్సికాలజిస్ట్ (విషాల నిపుణుడు))

యాంకర్: నమస్కారం. వానాకాలం వస్తే ఇంటికో జ్వరం, జ్వరానికో గోళీ. ఆ గోళీ పని ముగిశాక ఏమవుతుంది? పొలంలో కొట్టే పురుగుమందు ఒంట్లోకి చేరితే దాన్ని పట్టుకునేది ఎవరు? రెండింటి జవాబూ లివర్‌లోని ఎంజైముల దగ్గరే ఉంది. ప్రొఫెసర్ గారూ, ఈ ఎంజైములు మందును ఏం చేస్తాయి?

ఫార్మకాలజిస్ట్: మందుల్లో చాలావాటికి కొవ్వులో కరిగే గుణం ఉంటుందండీ. ఆ గుణం ఉండబట్టే పేగు గోడ దాటి రక్తంలోకి రాగలవు. అదే గుణం వల్ల కిడ్నీ వాటిని వదిలించుకోలేదు. వడకట్టినా మళ్లీ రక్తంలోకే ఇంకిపోతాయి. అందుకని లివర్ వాటిని నీళ్లలో కరిగేలా మారుస్తుంది. సాధారణంగా ఇది రెండు అంచెల పని. మొదటి అంచెలో సైటోక్రోమ్ పీ450 ఎంజైములు మందుకు ఆక్సిజన్ చేర్చి ఒక కొక్కెం లాంటిది తయారుచేస్తాయి. రెండో అంచె ఎంజైములు ఆ కొక్కేనికి గ్లూకురోనిక్ ఆమ్లమో, సల్ఫేటో, గ్లూటాథయోనో తగిలిస్తాయి. ఇక అది మూత్రంలోనో పైత్యరసంలోనో బయటికి పోతుంది.

యాంకర్: పీ450 అనే పేరెలా వచ్చింది?

ఫార్మకాలజిస్ట్: కార్బన్ మోనాక్సైడ్‌తో కలిపినప్పుడు ఇది 450 నానోమీటర్ల కాంతిని బాగా పీలుస్తుంది. 1962లో జపాన్ శాస్త్రవేత్తలు ఒమురా, సాటో ఆ పేరు పెట్టారు. మనిషిలో ఈ కుటుంబానికి 57 జన్యువులున్నాయి. మందుల వరకు చూస్తే పనంతా ఐదారు ఎంజైముల మీదే నడుస్తుంది. అందులో 3ఏ4 ఒక్కటే దాదాపు సగం మందులను చూసుకుంటుంది. ఇంకో సంగతి. మింగిన మందు ఒంటికంతా చేరేముందు పేగు నుంచి నేరుగా లివర్‌కే వెళ్తుంది. కొన్ని మందులు అక్కడే చాలా భాగం ఖర్చయిపోతాయి. గుండె నొప్పికి సార్బిట్రేట్‌ను నాలుక కింద పెట్టుకోమనేది అందుకే. అక్కడి రక్తనాళాలు లివర్‌ను తప్పించి గుండెకు పోతాయి.

యాంకర్: మేడమ్, అంటే మొదటి అంచె దాటగానే మందు విషం పోయినట్టేనా?

హెపటాలజిస్ట్: కాదండీ, చాలామంది పొరబడేది అక్కడే. మొదటి అంచెలో పుట్టే పదార్థం అసలు మందుకన్నా ప్రమాదకరం కావచ్చు. రెండో అంచె వెంటనే దాన్ని అందుకోకపోతే లివరే దెబ్బ తింటుంది. దీనికి పారాసిటమాల్‌ను మించిన ఉదాహరణ లేదు. మామూలు మోతాదులో దాని ఎక్కువ భాగం మొదటి అంచెతో పనే లేకుండా నేరుగా గ్లూకురోనైడ్, సల్ఫేట్ దారుల్లో పోతుంది. ఓ ఐదు నుంచి పది శాతం మాత్రం 2ఈ1 అనే పీ450 ఎంజైము చేతిలో పడి నాప్‌క్వీ అనే విషంగా మారుతుంది. గ్లూటాథయోన్ దాన్ని అప్పటికప్పుడు పట్టేస్తుంది. మోతాదు పెరిగితే సల్ఫేట్ దారి నిండిపోతుంది, నాప్‌క్వీ వాటా పెరుగుతుంది, గ్లూటాథయోన్ నిల్వ అడుగంటుతుంది. అప్పుడు నాప్‌క్వీ లివర్ కణంలోని ప్రొటీన్లకే అతుక్కుంటుంది.

యాంకర్: ఎన్ని గోళీలు దాటితే అంత దూరం పోతుంది?

హెపటాలజిస్ట్: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠం. 650 గోళీ నాలుగు గంటలకొకటి వేస్తే ఆరింటికే 3.9 గ్రాములు. అక్కడికే గీత మీద ఉన్నాం. పైగా జలుబు గోళీ మూడు పూటలా వేసుకుంటారు. చాలా జలుబు గోళీల్లో 500 మి.గ్రా. పారాసిటమాల్ ఉంటుంది. అంటే ఇంకో ఒకటిన్నర గ్రాము, మొత్తం 5.4. నాలుగు రోజులుగా అన్నం ముట్టని మనిషికి, రోజూ తాగే మనిషికి ఇది చాలా ప్రమాదం. తిండి లేకపోతే గ్లూటాథయోన్ తగ్గుతుంది. మద్యం అలవాటు 2ఈ1ను పెంచుతుంది, గ్లూటాథయోన్‌నూ తగ్గిస్తుంది. అందుకని షీటు వెనక్కి తిప్పి, పారాసిటమాల్ అన్న మాట ఎన్ని మందుల మీద ఉందో చూసి లెక్క కట్టాలి.

ఫార్మకాలజిస్ట్: పిల్లల విషయం నేను కలుపుతానండీ. డోసుకు కిలోకు 15 మి.గ్రా. అనుకుంటే 12 కిలోల పాపకు 180 మి.గ్రా. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 7.5 మి.లీ. పడుతుంది. 250 ఉండే సిరప్ అయితే 3.6 మి.లీ. చాలు. డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, 1.8 మి.లీ. సరిపోతుంది. సిరప్ అయిపోయిందని డ్రాప్స్‌ను అదే మూతతో 7.5 మి.లీ. పోస్తే 750 మి.గ్రా. పడింది. ఒక్క గుక్కలో రోజంతటి మందు! సీసా మారిన ప్రతిసారీ మూత మీద గీత కాదు, లేబుల్ మీద అంకె చూడాలి.

యాంకర్: ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

హెపటాలజిస్ట్: మొదటి రోజు తెలియదు, అదే భయం. కాస్త వికారం, వాంతి, అంతే. చాలామందిలో రెండో రోజు తగ్గినట్టే అనిపిస్తుంది. అప్పటికే లోపల, లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ పెరుగుతుంటుంది, వేలల్లోకి పోవచ్చు. ఒకేసారి ఎక్కువ మింగితే నాలుగు గంటల తర్వాత రక్తంలో మందు స్థాయి చూస్తాం. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. సెలైన్‌లో కిలోకు 150 మి.గ్రా. ఒక గంటలో, 50 మి.గ్రా. నాలుగు గంటల్లో, 100 మి.గ్రా. పదహారు గంటల్లో. 50 కిలోల మనిషికి మొత్తం 15 గ్రాములు, 21 గంటలు. ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే ఫలితం చాలా బాగుంటుంది. ఆలస్యమైనా ఇస్తాం.

యాంకర్: గ్లూటాథయోన్ తగ్గిందంటున్నారు కదా, రంగు కోసం ఎక్కించే ఆ గ్లూటాథయోన్ డ్రిప్పే ఇవ్వొచ్చు కదా?

హెపటాలజిస్ట్: అది లివర్ కణంలోకి నేరుగా సరిగా దూరదండీ. ఎసిటైల్‌సిస్టీన్ దూరుతుంది, లోపల సిస్టీన్ ఇస్తుంది, దానితో కణం తన గ్లూటాథయోన్‌ను తానే చేసుకుంటుంది. ఆ డ్రిప్పులు ఇక్కడ పనికిరావు.

యాంకర్: సిద్దిపేట నుంచి ఫోన్ కాల్ ఉంది. చెప్పండి.

కాలర్: నమస్తే మేడం. మా నాయినకు షుగర్ ఉన్నది. నెల కింద టీబీ గోలీలు షురూ చేసిన్రు. అప్పటిసంది షుగర్ కంట్రోల్ల ఉంటలేదు. వారం నుంచి అన్నం సయిస్తలేదు, వాంతికొచ్చినట్టైతుందంటున్నడు. గోలీలు బంద్ చెయ్యాల్నా?

హెపటాలజిస్ట్: ఈరోజే డాక్టర్‌కు చూపించి ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ చేయించండి బాబూ. కళ్లు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే తర్వాతి డోసు వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి. లక్షణాలు ఉండి ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠానికి మూడింతలు దాటితే గోళీలు ఆపుతారు. లక్షణాలు లేకపోతే ఐదింతలు దాటినప్పుడు. ల్యాబ్ గరిష్ఠం 40 అనుకుంటే 120, 200 అన్నమాట. లివర్‌ను దెబ్బతీసేవి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్. అంకె రెండింతల కిందికి దిగాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడతారు. పూర్తిగా మానేస్తే టీబీ ముదురుతుంది, అందుకే మీ అంతట మీరు నిర్ణయించొద్దు. ఇంకోటి, వాటితోపాటు ఇచ్చే బీ6 గోళీ నరాల కోసం. లివర్‌ను అది కాపాడదు.

ఫార్మకాలజిస్ట్: ఒకే గోళీ ఒకరికి పడి ఇంకొకరికి పడకపోవడానికి ఇక్కడ ఒక కారణం ఉంది. ఐసోనియాజిడ్‌ను నాట్2 అనే ఎంజైము మారుస్తుంది. మన దేశంలో చాలామందికి పుట్టుకతోనే అది మందకొడి. ఐసోనియాజిడ్ నుంచి పుట్టే హైడ్రజీన్ జాతి విషాలను నిరపాయం చేసేదీ ఆ నాట్2నే కాబట్టి, అది మందకొడిగా ఉన్నవాళ్లలో అవి పేరుకుంటాయి. షుగర్ సంగతికొస్తే, టీబీ వల్లే షుగర్ పెరుగుతుంది, దానికి రిఫాంపిసిన్ తోడవుతుంది. రిఫాంపిసిన్ లివర్‌లో పీ450 ఎంజైములను ఎక్కువ తయారుచేయిస్తుంది. ఒకటి రెండు వారాల్లో అవి నిండా పెరిగి గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ గోళీలను త్వరగా ఖర్చు చేస్తాయి. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం లివర్ ముట్టుకోదు, అది ఉన్నదున్నట్టే మూత్రంలో పోతుంది. గర్భనిరోధక మాత్రలు కూడా రిఫాంపిసిన్ వాడినన్నాళ్లూ, ఆపాక 28 రోజుల దాకా నమ్మదగినవి కావు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లకు కష్టం రెండుసార్లు. రిఫాంపిసిన్ మొదలుపెట్టినప్పుడు డోసు పెంచాలి. ఆపినప్పుడు మళ్లీ తగ్గించకపోతే రెండు మూడు వారాల్లో రక్తస్రావం మొదలవుతుంది.

యాంకర్: గ్యాస్ గోళీ మాటేమిటి? అది లేని ఇల్లు లేదు.

ఫార్మకాలజిస్ట్: స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను పనిచేసే మందుగా మార్చేది 2సీ19 అనే పీ450 ఎంజైము. గ్యాస్ గోళీ ఓమెప్రజోల్ ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. అవసరమైతే పాంటోప్రజోల్ అడగండి. అలాగే కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లకు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే 3ఏ4 ఆగిపోయి కండరాలు కరిగిపోయే ప్రమాదం ఉంది.

యాంకర్: ఇప్పుడు పొలానికి వద్దాం. సార్, పురుగుమందుల మీద కూడా ఇవే ఎంజైములా?

టాక్సికాలజిస్ట్: ఇవేనండీ, పైగా ఇక్కడ కథ తిరగబడుతుంది. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు డబ్బాలో ఉన్నప్పటికన్నా లివర్ దాటాకే ఎక్కువ విషం. పీ450 అందులోని గంధకాన్ని తీసి ఆక్సిజన్ పెడుతుంది. అలా పుట్టిన ఆక్సాన్, నరాల సంకేతాలను ఆపే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టేస్తుంది. ఆ ఆక్సాన్‌ను విరిచేందుకు లివరే తయారుచేసిన పారాక్సొనేజ్ అనే ఎంజైము రక్తంలో తిరుగుతుంటుంది. మోనోక్రోటోఫాస్ అనే ఇంకో పురుగుమందుకు ఈ మార్పు అక్కర్లేదు, అది నేరుగా పనిచేస్తుంది. అందుకని క్లోర్‌పైరిఫాస్ తగిలినవాళ్లు మొదటి గంటల్లో బాగానే ఉన్నారని ఇంటికి పంపకూడదు. కొవ్వులో దాక్కుని, మెల్లగా మారుతూ తర్వాత దెబ్బ కొడుతుంది.

యాంకర్: ఒంటి మీద పడితే ముందు ఏం చేయాలి?

టాక్సికాలజిస్ట్: బట్టలు తీసేసి, సబ్బుతో, ధారగా నీళ్లతో కడగాలి. జుట్టు, గోళ్ల సందులు మరిచిపోవద్దు. కడిగేవాళ్లు చేతికి తొడుగు వేసుకోవాలి. మింగితే వాంతి చేయించొద్దు. డబ్బా లేబుల్ వెంట తీసుకుపోండి. ఆసుపత్రిలో విరుగుడు అట్రోపిన్‌ను ఐదు నిమిషాలకొకసారి రెట్టింపు చేసుకుంటూ, ఊపిరితిత్తుల్లో గురగుర పోయేదాకా ఇస్తారు. కంటిపాప పెద్దదైందని ఆపకూడదు, చూడాల్సింది ఛాతీని.

యాంకర్: పల్లీల బూజు లివర్‌కు మంచిది కాదంటారు...

టాక్సికాలజిస్ట్: బూజులోని అఫ్లాటాక్సిన్ బీ1 కూడా ఇదే బాపతు. పీ450 దాన్ని ఎపాక్సైడ్‌గా మారుస్తుంది, అది డీఎన్ఏకు అతుక్కుంటుంది. చిట్టెలుకలో గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ ఆ ఎపాక్సైడ్‌ను చప్పున పట్టేస్తుంది కాబట్టి అది తట్టుకుంటుంది. ప్రయోగశాలల్లోని పెద్ద ఎలుకకు మాత్రం క్యాన్సర్ వస్తుంది. మనిషికి హెపటైటిస్ బీ కూడా ఉంటే ముప్పు ఎన్నో రెట్లు. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పల్లీల్లో దీన్ని పట్టే ఎలైజా పరీక్షలు తయారుచేసింది. రైతు కాయలను 8 శాతం తేమ దాకా ఎండబెట్టాలి. ఊపితే గింజ లోపల గలగలమనాలి. ఇంట్లో ముడుచుకున్న, రంగు మారిన, చేదు తగిలిన గింజలను ఏరి పారేయాలి. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు.

యాంకర్: మేడమ్, "నా లివర్ టెస్ట్ నార్మల్, నాకేం కాదు" అనుకునేవాళ్లకు?

హెపటాలజిస్ట్: ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ దెబ్బతిన్న కణాల నుంచి కారిన ఎంజైములు. లివర్ మందును మార్చే సత్తా ఎంతో అవి చెప్పవు. లివర్ మచ్చలుపడి గట్టిపడే సిరోసిస్ ముదిరినా అవి నార్మల్‌గా ఉండొచ్చు. లివర్ పనితనం తెలియాలంటే ఆల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ చూడాలి. సిరోసిస్‌లో మొదటి అంచె ముందు దెబ్బతింటుంది, రెండో అంచె కొంతకాలం నిలబడుతుంది. అందుకే మత్తు గోళీల్లో, మొదటి అంచె దాటాల్సిన డయాజెపామ్ కన్నా నేరుగా రెండో అంచెలో పోయే లోరాజెపామ్ మేలు. కామెర్లని పసరు తాగొద్దు. అందులో ఏముందో తెలియదు, దాన్ని మార్చాల్సింది కూడా ఆ జబ్బు లివరే.

యాంకర్: సిరోసిస్ ఉన్నవాళ్లకు ఒళ్లు నొప్పులొస్తే? పారాసిటమాల్ ఊసే ఎత్తకూడదా?

హెపటాలజిస్ట్: విచిత్రంగా వాళ్లకు దాన్నే ఇస్తాం. రోజుకు 2 గ్రాములు దాటకుండా, అంటే 500 గోళీ నాలుగుసార్లు, ఆరేసి గంటల తేడాతో. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు, అవి కిడ్నీని ఆపేస్తాయి, కడుపులో రక్తం కారుస్తాయి. మద్యం తాగుతున్నవాళ్లయితే ఆ నాలుగు కూడా డాక్టర్‌ను అడిగాకే.