గోంగూర పప్పు, గాలివాన, కాస్త మనసు మాట

నమస్కారమండీ! ఈరోజు షాపింగ్ లేదు. ఇక్కడ ఇంగ్లండ్‌లో, మా రెడింగ్‌లో గోంగూర దొరికింది కాబట్టి పప్పు వండుతున్నాను. ఆకు వలుస్తూ ఒక సంగతి చెబుతాను.

మాది కోనసీమ. 1996 నవంబరు 6 అంటే చాలు, మా వైపు పెద్దవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. కాలవ గట్టు అవతల పాకలో ఉన్న తాతయ్యను పిలుచుకు రమ్మని నన్ను పంపారు. గాలికి భయపడి సగం దారిలో వెనక్కి వచ్చేశాను. తాతయ్య మాకు దక్కలేదు.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అసలు ఆ ప్రస్తావనే తేలేదు. అదే నన్ను ఎక్కువగా తినేసింది.

2022 ఫిబ్రవరిలో ఇక్కడ యూనిస్ తుపాను వచ్చింది. ఐల్ ఆఫ్ వైట్ దీవిలో గాలి గంటకు 196 కిలోమీటర్ల వేగంతో వీచింది, ఇంగ్లండ్‌లో అది రికార్డు. మా వీధిలో మాత్రం ఒక కంచె పడింది, అంతే. నేనేమో పిల్లలిద్దరినీ మెట్ల కింద అరలో కూర్చోబెట్టి తలుపు వేసేశాను. "అమ్మా, ఊపిరాడటం లేదు" అని పెద్దది ఏడ్చేదాకా నేనేమి చేస్తున్నానో నాకే తెలియలేదు.

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్యసేవ) టాకింగ్ థెరపీస్‌కు, అంటే మాటలతో చేసే మానసిక చికిత్సకు, డాక్టరు చీటీ లేకుండా మనమే పేరు ఇచ్చుకోవచ్చు. ఉచితం. ఎదురుచూడాలి, అది వేరే కథ. మనసుకు తగిలిన ఇలాంటి గాయానికి చేసే చికిత్సకు మామూలుగా 8 నుంచి 12 సార్లు వెళ్లాలంటారు.

థెరపిస్టు "మరిచిపోండి" అనలేదు. ఆ సాయంత్రాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటినుంచీ చెప్పమంది. చెప్పిన వారమంతా నిద్ర లేదు. దాచడమెందుకు, మొదట్లో బాధ పెరుగుతుంది. తర్వాత ఆవిడ చిన్న చిన్న ప్రశ్నలు వేసింది. గట్టు ఎంత వెడల్పు? చెట్లు ఎటు పడుతున్నాయి? మీరు ఎంత బరువు ఉండేవారు? కొబ్బరిచెట్లను వేళ్లతో సహా పెకలించిన గాలిలో ఎనిమిదేళ్ల పిల్ల ఆ గట్టు దాటగలదా? జవాబు మాత్రం నా నోటితోనే చెప్పించింది.

ఇంకోసారి కంప్యూటర్లో మా ఊరి ఉపగ్రహ చిత్రం తెరిపించింది. ఇదీ చికిత్సలో భాగమే. గట్టు పక్కన ఎవరిదో డాబా, దాని మీద నల్లటి నీళ్ల ట్యాంకు. పడిపోయిన తోట ఉన్నచోట మళ్లీ కొబ్బరి తలలు. నా కళ్లలో మాత్రం అక్కడ ఇన్నేళ్లూ నవంబరు 6వ తేదీయే!

గాలి హోరెత్తితే గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. అప్పుడు తేడాలు వెతుక్కుంటాను. ఇది ఇటుక గోడ, రేడియేటరు వెచ్చగా ఉంది, పిల్లలు టీవీ కోసం పోట్లాడుకుంటున్నారు.

ఇండియాలో ఉన్నవారికి టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు.

మొన్న అమ్మకు ఫోను చేసి, మొదటిసారి ఆ రోజు గురించి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "నిన్ను పంపింది నేనే కదే" అంది చివరికి. ఆవిడకూ నంబరు చెప్పాను. "ఈ వయసులో నాకెందుకే ఇవన్నీ" అంటూనే, పెన్ను తెచ్చుకుంటానుండు అంది.