గడి గోడ ఎవరి కోసం అంత ఎత్తు?

(దృశ్యం: రెండు బురుజుల మధ్య పెద్ద టేకు దర్వాజ. కెమెరా మెల్లగా అందులోని చిన్న తలుపు దగ్గరికి వెళ్తుంది.)

దొర ఉండే గడి దర్వాజ ఇది, చూశారా? ఏనుగు కూడా పట్టేలా ఉంది. కానీ ఊరి జనం వచ్చిపోవడానికి దీన్ని బార్లా తెరిచేవాళ్లు కాదు. దానిలోనే ఉన్న ఈ చిన్న తలుపే వాళ్ల దారి. దీన్ని దిడ్డి దర్వాజ అంటారు. ఎంతటివాడైనా తల వంచి, కాలెత్తి లోపలికి దూరాల్సిందే.

కోటలకు దిడ్డి పెట్టారంటే అర్థం ఉంది, శత్రువులు గుంపుగా చొరబడకుండా. మరి ఊళ్లో ఒక కుటుంబం ఉండే ఇంటికి ఇదెందుకు? ఈ ఇంటికి రోజూ వచ్చేది సైన్యం కాదు. బట్టలుతికేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, పశువులు కాసేవాళ్లు. అది కూడా కూలీ లేకుండా, వెట్టికి.

(దృశ్యం: తెలంగాణ పాత పటం. ఊళ్ల మధ్య గడీల గుర్తులు.)

తెలంగాణలో దొరల ఇంటిని గడి అంటారు. ఈ దొరల్లో చాలామంది దేశ్‌ముఖులు, అంటే నిజాం తరఫున శిస్తు వసూలు చేసినవాళ్లు. 1860ల్లో నిజాం దివాన్ సాలార్ జంగ్ చేసిన సంస్కరణలతో ఆ పని వాళ్ల చేతిలోంచి పోయింది. భూములు మాత్రం పోలేదు, పెరిగాయి. విసునూరు దేశ్‌ముఖ్ కింద సుమారు 40 వేల ఎకరాలు ఉండేవని తెలంగాణ పోరాట చరిత్రలు చెబుతాయి. ఒక మనిషి చేతిలో అంత భూమి ఉంటే చుట్టూ ఉన్న ఊళ్లకు ప్రభుత్వం ఆయనే. అందుకే గడి ఇల్లూ అయింది, ఆఫీసూ అయింది, కోర్టూ అయింది, అవసరమైతే జైలూ అయింది.

(దృశ్యం: దిడ్డి దాటి లోపలి ఆవరణ. ఎదురుగా మెట్లు, ఎత్తైన అరుగు, స్తంభాలు. కెమెరా కిందనే ఉండి పైకి చూస్తుంది.)

కెమెరాని కావాలనే కింద పెట్టాం. పైన కనిపిస్తున్నది కచేరీ, అంటే దొర కొలువు. దొర కుర్చీ అక్కడ. తగాదా తెచ్చినవాళ్లు చెప్పులు బయటే వదిలి, ఇదిగో, ఇక్కడ మట్టిలో నిలబడాలి. పంచాయితీ చెప్పేది దొర, జరిమానా వేసేది దొర, చాలాసార్లు ఆ తగాదాలో ఒక పక్షం కూడా దొరే. ఇక్కడ నిలబడి పైకి చూస్తూ మాట్లాడితే గొంతు దానంతటదే తగ్గుతుంది. ‘బాంచెన్ దొరా’, అంటే ‘నీ బానిసను దొరా’ అన్న మాట భయంతోనే పుట్టిందంటారు. నన్నడిగితే, ఆ భయంలో ఈ మెట్ల వాటా కూడా ఉంది.

వెనక భవంతి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. కిటికీలు ఎక్కువగా ఈ వాకిలి వైపే. దొరసాని లోకం ఇంతే. పెళ్లికూతురితో పాటు అరణంగా, అంటే పుట్టింటి కానుకగా పంపిన దాసీలు, ఆడబాపలకు ఆ కాస్త స్వేచ్ఛ కూడా లేదు. దొరల ఇళ్ల చరిత్రలో అందరూ గబగబా దాటేసే పేజీ ఇదే.

గోడలకు రాయి, డంగు సున్నం. ఎద్దులతో గానుగ తిప్పించి ఆ సున్నం నూరాలి. గానుగ తిప్పించిన చేతులకు కూలీ ముట్టిందా లేదా అన్నది వేరే చెప్పాలా?

(దృశ్యం: కడవెండి స్తూపం.)

1946 జులై 4. జనగామ దగ్గరి కడవెండిలో సంఘం, అంటే ఆంధ్ర మహాసభ ఊరేగింపు దొర ఇంటి దగ్గరికి చేరేసరికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత జరిగిన సాయుధ పోరాటంలో దొరలు గడీలు వదిలి పారిపోయారు. 1948లో పోలీసు చర్య అయ్యాక సైన్యం వచ్చింది. దాని వెనకే దొరలూ తిరిగొచ్చారు. సైన్యం చాలాచోట్ల దిగింది గడీల్లోనే. ఎత్తైన గోడ, ఒకటే దర్వాజ, పైన బురుజు: క్యాంపుకి ఇంతకన్నా ఏం కావాలి? 1978లో జగిత్యాల, సిరిసిల్లను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. రైతుకూలీ సంఘాలు లేచాక దొరలు మళ్లీ హైదరాబాద్ దారి పట్టారు. ఖాళీ అయిన కొన్ని గడీల్లో ఈసారి పోలీసులు దిగారు.

(దృశ్యం: దోమకొండ.)

ఇప్పుడు కొన్ని కూలిపోయాయి, కొన్ని స్కూళ్లు, ఆఫీసులు అయ్యాయి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను చక్కగా బాగుచేశారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో దానికి గుర్తింపు వచ్చింది. బాగుచేయడం మంచి పనే. కాకపోతే ఇలాంటి చోట్ల బోర్డుల మీద తోరణాల శైలి గురించి రాసినంత, వెట్టి గురించి కూడా రాయాలి.

మీ ఊళ్లో గడి ఉందా? ఉంటే ఇంట్లో తాతనో అమ్మమ్మనో ఒకటి అడగండి: మనవాళ్లని ఎక్కడి దాకా రానిచ్చేవాళ్లు? దిడ్డి దాకానా, వాకిలి దాకానా, అరుగు మీదికా? జవాబు కామెంట్లలో రాయండి. గడి ఫొటో కూడా తీస్తే, మెట్ల కింద నిలబడి తీయండి.