ప్రీమియం పెట్రోలు కొట్టిస్తే మైలేజీ పెరుగుతుందా?

[కారు లోపలి నుంచి షాట్. కోవూరు దగ్గర పెట్రోలు బంకు, ఉదయం ఆరున్నర. కిటికీ అద్దం దిగిన చప్పుడు.]

"నార్మలా సార్, ప్రీమియమా?"

బంకులో ఈ ప్రశ్న మీరూ వినే ఉంటారు. రెండు నెలల పాటు నేను "ప్రీమియమే కొట్టు" అన్నాను. నాది 2014 మోడల్ చిన్న కారు, వెయ్యి సీసీ లోపు ఇంజన్. కొన్న కొత్తలో లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చేది. నిరుడు కొలిస్తే 13 వచ్చింది. నేను నెల్లూరులో ఉంటాను, అమ్మానాన్నలు ఒంగోలులో. నెలకు రెండుసార్లు పోయి రావాలి. ఊళ్లో తిరుగుడు కూడా కలిపితే నెలకు వెయ్యి కిలోమీటర్లు. 18 ఇచ్చే కారుకు దానికి 56 లీటర్లు చాలు. 13 ఇచ్చే కారుకు 77 కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున వేసుకోండి, నెలకు 2,300 పైన ఊరికే పోతోంది. అది మా ఇంట్లో పాల బిల్లు.

మా బావ ఒక మాట చెప్పాడు. "ప్రీమియం కొట్టించు, ఇంజన్ క్లీన్ అవుద్ది, మైలేజీ అదే వస్తుంది." లీటరుకు ఏడు రూపాయలు ఎక్కువైనా సరే అని కొట్టించాను. రెండు నెలల్లో అదనంగా వెయ్యి రూపాయలు దాటింది. మళ్లీ కొలిచాను. 13.1.

ఎందుకు పెరగలేదు? ముందు అది అర్థం చేసుకుందాం. తర్వాత నా కారులో పెట్రోలు నిజంగా ఎక్కడ పోతోందో చూపిస్తాను.

[టేబుల్ మీద తెల్ల కాగితం. చేత్తో గీస్తున్న బొమ్మ: సిలిండరు, పిస్టన్, పైన స్పార్కు ప్లగ్గు.]

పెట్రోలు పక్కన కనిపించే 91, 95, 97, 100 అన్నవి ఆక్టేన్ నంబర్లు. పెద్ద నంబరు ఉంటే ఎక్కువ బలం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ నంబరు చెప్పేది పెట్రోలు ఓర్పు గురించి. ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా, స్పార్కు వచ్చి మంట తనదాకా చేరేవరకు ఆగగలదా లేదా అన్నదే ఆ లెక్క.

వరి కోతలయ్యాక పొలంలో గడ్డికి ఒక చివర నిప్పు పెడితే మంట వరుసగా పాకుతూ పోతుంది. సిలిండరులో కూడా అంతే. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట చివరిదాకా పాకాలి. అది చేరకముందే అవతలి చివర ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటారు. ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్‌లో గులకరాళ్లు కదిలినట్టు శబ్దం వస్తుంది చూడండి, అదే. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు దీన్ని ఆపుతుంది.

ఈ నంబరు ఎలా ఇస్తారంటే, ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్ అనే ద్రవానికి సున్నా అని పెట్టుకున్నారు. పరీక్ష ఇంజన్‌లో ఒక పెట్రోలు 91 వంతుల ఐసో ఆక్టేన్, 9 వంతుల హెప్టేన్ కలిపిన మిశ్రమంలా ప్రవర్తిస్తే దానికి 91 ఇస్తారు. ఇందులో శక్తి ఎంత అన్న కొలత ఎక్కడా లేదు.

మీ ఇంజన్ 91కి తయారైతే, 91తోనే నాకింగ్ లేకుండా నడుస్తుంటే, 100 పోసినా దానికి చేయడానికి పని లేదు. టర్బో ఇంజన్ల సంగతి వేరు. మిశ్రమాన్ని ఎక్కువగా నొక్కే ఇంజన్లకు 95 కావాలని కంపెనీయే రాస్తే తప్పకుండా అదే వాడాలి. తక్కువది పోస్తే నాక్ సెన్సర్ గుర్తుపట్టి స్పార్కును ఆలస్యం చేస్తుంది. అప్పుడు పిక్‌అప్ తగ్గుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. పెట్రోలు మూత తలుపు లోపలి వైపు స్టిక్కరు చూడండి, లేకపోతే కారుతో ఇచ్చిన పుస్తకం చూడండి. మా ఇంట్లో ఆ పుస్తకం పదేళ్లుగా డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. అందులో నా కారుకు మామూలు పెట్రోలు అని స్పష్టంగా రాసి ఉంది.

ఇక్కడ ఇంకో తికమక ఉంది. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు అక్కడ 87 కొట్టిస్తుంది. "మన 91 కంటే అమెరికా పెట్రోలు నాసిరకమా?" అని నాన్న అడిగారు. కాదు. మనం రాసేది రీసెర్చ్ ఆక్టేన్ నంబరు. అమెరికా బంకుల్లో దానికీ, ఇంకాస్త కఠినమైన మోటార్ ఆక్టేన్ పరీక్షకీ సగటు రాస్తారు. వాళ్ల 87 దాదాపు మన 91. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ నంబర్లు పోల్చకండి.

ప్రీమియం పెట్రోల్లో ఇంజెక్టర్లను, అంటే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగాలను, శుభ్రం చేసే మందులు కలుపుతారు, అది నిజమే. ఇంజెక్టరు నిజంగా మురికి పట్టి ఉంటే కొంత ఉపయోగం ఉండవచ్చు. కానీ అదే సమస్య అని తెలియకుండా నెలల తరబడి పోయడం వల్ల డబ్బులే పోతాయి. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్లు 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చినప్పుడు ఢిల్లీలో లీటరు 160 రూపాయలు. అది ఖరీదైన కార్లకు, పెద్ద బైకులకు ఉద్దేశించింది. మన చిన్న కార్లకు కాదు.

[బంకులో పంపు మీద ఉన్న ఇథనాల్ స్టిక్కరు, దగ్గరగా.]

ఇప్పుడు ఇథనాల్ సంగతి. దీని గురించి ఉన్న కోపం నాకు అర్థమవుతుంది. మన పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. 2022లో 10 శాతం, 2023 ఫిబ్రవరిలో 20 శాతం అమ్మకం మొదలు, 2025కల్లా దేశమంతా అదే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉండేదానికంటే మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గక తప్పదు. నీతి ఆయోగ్ 2021 నివేదికే పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం, 20 శాతానికి తగ్గట్టు సర్దిన కార్లకు 1 నుంచి 2 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. నా 18లో 6 శాతం తీసేస్తే దాదాపు 17. అంటే ఇథనాల్ తీసుకుపోయేది ఒక కిలోమీటరు. మిగతా నాలుగు ఎటు పోయాయి? మైలేజీ ఎంత పడిపోయినా "అంతా ఇథనాల్ వల్లే" అనుకుని ఊరుకుంటే అసలు జబ్బు కారులోనే ఉండిపోతుంది.

ఇంకొకటి. ఇథనాల్‌కు సహజంగానే ఆక్టేన్ ఎక్కువ. 20 శాతం కలిశాక మామూలు పెట్రోలే 95 స్థాయికి చేరిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ చెప్పింది. మరి చిన్న కారుకు ప్రీమియం 95 కోసం అదనంగా కట్టడం ఎందుకు?

[ట్రిప్ మీటరు సున్నాకు మారుతున్న షాట్.]

ముందు కొలత సరిగా ఉండాలి. డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీని నమ్మకండి, చాలా కార్లలో అది కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు ఫుల్ చేయించండి. నాజిల్ తనంతట తాను ఆగగానే చాలనండి, ఇంకో యాభై రూపాయలు సర్దమనకండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. కనీసం 250 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ ఆటో కట్ అయ్యేదాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీస్తేనే అది మీ మైలేజీ.

కంపెనీ చెప్పే 22, 24 రోడ్డు మీద వచ్చిన లెక్కలు కావు. ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గంటకు 90 దాటకుండా నడిపి తీసినవి. మే నెల రోహిణి కార్తెలో నెల్లూరు ఎండలో ఏసీ లేకుండా ఎవరు నడుపుతారు?

బంకు మీద అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్ర అడగండి. ప్రతి బంకులో ముద్ర వేసినది ఉండాలి, మీ ముందు కొలిచి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడా అనుమతిస్తారు. నేను అడిగాను, సరిగ్గానే వచ్చింది. నా సమస్య బంకులో లేదు.

[కావలి, హైవే పక్క టీ కొట్టు. ఎడమ ముందు చక్రం.]

సమస్య ఇక్కడ దొరికింది. ఒంగోలు నుంచి వస్తూ కావలిలో టీ కోసం ఆగాను. దిగగానే కాలిన వాసన. ఎడమ ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే పెట్టలేనంత వేడి. కుడి చక్రం గోరువెచ్చగా ఉంది. పక్కనే ఉన్న మెకానిక్ కుర్రాడు జాకీ పెట్టి చక్రం తిప్పి, "అన్నా, బ్రేక్ పట్టేసుకుని ఉండాది. ఎన్నాళ్లుగా ఇట్టా తోల్తున్నావో!" అన్నాడు. బ్రేక్ ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగాన్ని కాలిపర్ అంటారు, దాని పిన్నులు తుప్పు పట్టి కదలడం లేదు. బ్రేక్ వదిలినా ప్యాడ్లు డిస్కును రుద్దుతూనే ఉన్నాయి. అంటే నెలల తరబడి నేను సగం బ్రేకు తొక్కుకుంటూ పోయినట్టు. సముద్రం పక్క ఊళ్లలో ఇనుముకు తుప్పు తొందరగా పడుతుంది. పిన్నులు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, ప్యాడ్లు మార్చాడు. రెండు వేల లోపు అయింది.

ఇది మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండా ఆపి, నాలుగు చక్రాల దగ్గర అరచెయ్యి దూరంగా పెట్టి చూడండి. రిమ్మును పట్టుకోకండి, కాలుతుంది. ఒక్కటి మాత్రమే వేడిగా ఉంటే దానికి చికిత్స కావాలి. ఇది మైలేజీ కంటే పెద్ద విషయం. ఆ బ్రేకు హైవే మీద ఫెయిలయితే?

మళ్లీ కొలిచాను. 15.2.

[చేతిలో చిన్న ఇత్తడి రంగు భాగం.]

ఇది థర్మోస్టాట్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లను రేడియేటరుకు పోనివ్వదు, వేడెక్కాక తెరుచుకుంటుంది. ఇంజన్ 90 డిగ్రీల దగ్గర ఉంటేనే పెట్రోలు బాగా మండుతుంది. నా కారులో ఇది అసలు లేదు! రెండేళ్ల కిందట వేసవిలో ఇంజన్ హీటెక్కితే ఒక మెకానిక్ తీసేశాడు. మన ఎండలకు ఇది ఎందుకు అన్నాడు, నేనూ సరేనన్నాను. చాలా చోట్ల చేసే పనే ఇది. హీటెక్కడానికి అసలు కారణం రేడియేటరు ఫ్యాన్. దాన్ని వదిలేసి దీన్ని తీసేశాం.

దీని వల్ల జరిగేది ఏమిటంటే, హైవే మీద గాలి తగిలి ఇంజన్ ఎప్పుడూ 60 డిగ్రీలు దాటి పెద్దగా పైకి పోదు. చిన్న స్కానర్ పెట్టి చూస్తే 62 చూపించింది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపిస్తూనే ఉంటుంది. తెల్లవారి మొదటి ఐదు నిమిషాలు పంపాల్సినంత పెట్రోలు నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పంపిందన్నమాట. మీ కారులో టెంపరేచర్ ముల్లు ఉంటే, పావుగంట నడిపాక కూడా అది మధ్యకు రాకపోతే అనుమానించండి. కొన్ని చిన్న కార్లలో ముల్లు ఉండదు, నీలం రంగు లైటు ఉంటుంది. అది చాలాసేపు ఆరకపోతే అదే అర్థం. థర్మోస్టాట్ వెయ్యి రూపాయల లోపే దొరికింది.

మిగతావి త్వరగా చెబుతాను. టైర్లలో గాలి, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంతుంటే అంత, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎండాకాలం గాలి తగ్గించాలని మన దగ్గర గట్టిగా నమ్ముతారు. దయచేసి ఆ పని చేయకండి. గాలి తక్కువైన టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, పేలే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు మురికైతే పిక్‌అప్ తగ్గుతుంది కానీ, ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో మైలేజీ పెద్దగా తగ్గదు. ఇంజన్ ఆయిల్ మాత్రం పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. చిక్కటిది మంచిదని పోస్తే ఇంజన్ బరువుగా తిరుగుతుంది.

వేగం సంగతికి కాస్త ఆగాలి. వెంకటాచలం టోల్ దాటినా, టంగుటూరు టోల్ దాటినా మన హైవే తిన్నగా ఉంటుంది, తెలియకుండానే 110కి పోతాం. 80లో ఉన్నప్పటికంటే 110లో గాలి అడ్డు దాదాపు రెట్టింపు. చిన్న ఇంజన్‌కు అది చాలా బరువు. నేను 85 దగ్గర పెట్టుకుంటే ఒంగోలుకు పట్టే సమయం పావుగంట, ఇరవై నిమిషాలు పెరిగింది.

[మళ్లీ ట్రిప్ మీటరు, పక్కన పెట్రోలు రసీదు.]

ఇప్పుడు మూడు ట్యాంకుల సగటు 16.7. వెయ్యి కిలోమీటర్లకు 60 లీటర్లు, మునుపు 77 పట్టేది. అన్నీ మామూలు పెట్రోలే. కొత్తలో వచ్చిన 18కి ఇంకా 1.3 తక్కువ ఉంది. అందులో ఎక్కువ భాగం ఇథనాల్‌దే, అది తిరిగి రాదు. మిగిలింది వీల్ అలైన్‌మెంట్‌దేమో అని నా అనుమానం, ఎందుకంటే ముందు టైర్లు రెండూ లోపలి వైపు అరిగాయి. వచ్చే వారం మినీ బైపాస్‌లో చేయించి, మళ్లీ ఇదే బంకులో కొలుస్తాను.