పత్రికకు పాఠం రాసిన వెబ్ డెవలపర్లు

[తెరపై: రెండు నిలువు వరుసల వెబ్ పేజీ. ఎడమ వరుస వెనుక బూడిద రంగు సగంలోనే ఆగిపోయింది.]

ఈ పేజీని జాగ్రత్తగా చూడండి. కుడివైపు వ్యాసం కిందిదాకా సాగింది. ఎడమవైపు ఉన్నవి నాలుగే లింకులు. అవి అయిపోయిన చోటే బూడిద రంగు కూడా తెగిపోయింది. పేజీ రూపాన్నీ రంగుల్నీ నిర్దేశించే భాష సీఎస్ఎస్‌లో ఎత్తు చెప్పని పెట్టెకు రంగు వేస్తే, లోపల సరుకు ఉన్నంత మేరకే పడుతుంది. ఇరవై ఏళ్ల క్రితం వెబ్ పేజీలు తయారుచేసేవాళ్లను బాగా వేధించిన చిక్కు ఇది.

2004 జనవరిలో డాన్ సెడర్‌హోమ్ అనే డిజైనర్ ‘ఎ లిస్ట్ అపార్ట్’ అనే ఆన్‌లైన్ పత్రికలో దీనికి విరుగుడు రాశారు. దాని పేరు ‘ఫో కాలమ్స్’, అంటే ఉత్తుత్తి వరుసలు.

[తెరపై: పేజీ అంత వెడల్పు, వేలెడు ఎత్తు కూడా లేని పట్టీ బొమ్మ. అది కిందికి వరుసగా పరుచుకుంటుంది.]

ఆయన ఎడమ పెట్టె జోలికే వెళ్లలేదు. వరుసల రంగులున్న సన్నని పట్టీని బొమ్మగా చేసి, మొత్తం పేజీకి నేపథ్యంగా పెట్టారు. ‘రిపీట్-వై’ అన్న ఒక్క మాటతో దాన్ని నిలువునా పరిచారు. అద్దకంలో ఒకే అచ్చును బట్ట పొడవునా వేసుకుంటూ పోవడం లాంటిదే ఇది. లింకులు నాలుగున్నా నలభై ఉన్నా రంగు పేజీ అడుగుదాకా దిగుతుంది.

నాకు ఇలాంటి పాఠాలంటే ఎనలేని గౌరవం. ముందు చిక్కును కళ్లకు కట్టి, ఆ తర్వాతే కోడ్ చూపిస్తాయి. రాసినవాళ్లు రోజూ అదే పని చేసేవాళ్లు. తమ బల్ల మీద తెగిన ముడిని తోటివాళ్ల ముందు పెట్టారు, దానికి పేరు కూడా పెట్టారు. పేరుంటేనే కదా, పక్క కుర్చీలోని మనిషికి ఒక్క మాటలో చెప్పగలిగేది! 2003లో డగ్లస్ బోమన్ ‘స్లైడింగ్ డోర్స్’ (రాత పొడవును బట్టి సాగే ట్యాబులు), 2004లో డేవ్ షే ‘సీఎస్ఎస్ స్ప్రైట్స్’ (చిన్న బొమ్మలన్నిటినీ ఒకే బొమ్మలో పెట్టి వాడడం) అలాగే వృత్తిలో వాడుక మాటలయ్యాయి. 2010 మే నెలలో అదే పత్రికలో ఈథన్ మార్కాట్ రాసిన వ్యాసంతో ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అన్న పేరు స్థిరపడింది. ఫోను తెరకు తగ్గట్టు పేజీ సర్దుకుంటే ఇప్పుడు అందరం అనే మాట అదే.

[తెరపై: అచ్చు పత్రిక పేజీ. ఇరుకు కాలమ్‌లో రెండుగా విరిగిన కోడ్ పంక్తి.]

అచ్చు పత్రికకు రాయడం ఇంకా కష్టం. బ్రిటన్‌లో 1994లో మొదలై 2020లో ఆగిపోయిన ‘నెట్’ లాంటి పత్రికల్లో కోడ్ కాగితం మీద ఉండేది. పాఠకుడు చూసి టైపు చేయాలి. కాలమ్ ఇరుకై పంక్తి విరిగితే, ఆ విరుపు కోడ్‌లో భాగమా కాదా అని తడబడతాడు. ఒక్క సెమీకోలన్ జారిపోతే దిద్దడానికి వచ్చే సంచికదాకా ఆగాలి. అందుకే ప్రతి అడుగూ చిన్నదిగా ఉండాలి. ఆ అడుగు తర్వాత తెర మీద ఏం కనిపించాలో బొమ్మ వేసి చూపాలి.

ఈ పాఠాలకు వయసు మీదపడుతుంది. అందుకే పైన తేదీ తప్పకుండా ఉండాలి, చదివేవాళ్లు ముందు దాన్నే చూడాలి. ఇప్పుడు మన మొదటి పేజీకే వద్దాం. పట్టీ బొమ్మ లేదు. రెండు వరుసలున్న పెట్టెకు, పక్కపక్క వరుసలను ఒకే ఎత్తుకు సాగదీసే ‘డిస్‌ప్లే: ఫ్లెక్స్’ అని మాత్రం రాస్తున్నాను.

[తెరపై: బూడిద రంగు పేజీ అడుగుదాకా దిగుతుంది.]