పాప నిద్రలేచేలోపు

(పాల్గొన్నవారు: ఇద్దరు పిల్లల తల్లి అయిన కథా రచయిత్రి, మూడేళ్ల పాపకు తండ్రి అయిన చిత్రకారుడు, పిల్లల వైద్యురాలు)

వ్యాఖ్యాత: నమస్కారం. పసిపిల్లలున్న ఇంట్లో రోజూ రాయడం, గీయడం, పాడుకోవడం కుదిరే పనేనా? ఈరోజు మన చర్చ దీని మీదే. మేడమ్, నేరుగా అడిగేస్తాను. నిన్న రాశారా?

రచయిత్రి: రాశానండి. నాలుగు వాక్యాలు. అందులో రెండు కొట్టేశాను. (నవ్వులు)

వ్యాఖ్యాత: దాన్ని రాయడం అంటారా?

రచయిత్రి: ఎందుకనకూడదు? మూడు రోజులు కథ ముట్టుకోకపోతే నాలుగో రోజు ఎక్కడ ఆపానో, ఎవరు ఎవరితో ఏమన్నారో అంతా మళ్లీ చదువుకోవాలి. నాకు దొరికేదే ఇరవై నిమిషాలు. అది కాస్తా చదువుకోవడంతోనే సరిపోతుంది. నేను రోజూ కూర్చునేది నిష్ఠ కోసం కాదు, ఆ టైమ్ మిగుల్చుకోవడానికి.

చిత్రకారుడు: నాదో చిన్న అభ్యంతరం. ‘రోజూ’ అనేసరికి చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. పిల్లకి జ్వరమొచ్చి ఒకరోజు తప్పితే, ఇక పోయిందిలే అని మొత్తానికే మానేస్తారు.

వైద్యురాలు: మానేయక్కర్లేదు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటుంటారు కదా. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అందులో తేలింది 21 కాదు, దాదాపు 66 రోజులు. అదీ అందరికీ ఒకేలా లేదు, 18 నుంచి 254 దాకా ఉంది. మధ్యలో ఒకసారి తప్పినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంకో సంగతి, వాళ్లు కొత్త పనిని రోజూ చేసే మరో పనికి ముడిపెట్టుకున్నారు. టిఫిన్ తిన్నాక, అలా. పిల్లలున్న ఇంట్లో గడియారం మాట చెల్లదు. ‘పాపకి స్నానం చేయించాక’ అనుకుంటే ఎనిమిదైనా, పదైనా ఆ పని వస్తుంది.

వ్యాఖ్యాత: మరి తెల్లవారుజామున లేవమనే సలహా? అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మోరిసన్ అలాగే రాశారంటారు.

రచయిత్రి: నిజమే. ఉద్యోగం చేస్తూ, ఇద్దరు కొడుకుల్ని పెంచుతూ, వాళ్లు లేవకముందే రాసుకున్నారు. ఆవిడ మొదటి నవల 1970లో వచ్చింది. గొప్ప విషయమే. కానీ రాత్రి మూడుసార్లు లేచి పాలిచ్చిన తల్లికి ఈ కథ చెప్పి, నువ్వూ నాలుగింటికి లే అనడం అన్యాయమండీ.

వైద్యురాలు: పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అందులోంచి కోసి రాసుకోమని నేనైతే చెప్పను. పైగా ఏ టైమ్‌టేబుల్ వేసినా ఎక్కువకాలం నిలవదు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలకి పగటి నిద్ర ఒక్కటే మిగులుతుంది. మూడు, ఐదేళ్ల మధ్య అదీ పోతుంది. మీరు కష్టపడి కుదుర్చుకున్న మధ్యాహ్నం ఒకరోజు ఉన్నట్టుండి మాయమవుతుంది. మీ క్రమశిక్షణలో లోపమేమీ లేదు, పిల్ల పెరిగిందంతే.

వ్యాఖ్యాత: పగలు పడుకున్నప్పుడు ఎంతసేపు దొరుకుతుందని లెక్కవేసుకోవచ్చు?

వైద్యురాలు: నెలల పిల్లల నిద్రలో ఒక్కో విడత సుమారు 50 నిమిషాలు. విడత ముగిసేచోట చాలామంది కదులుతారు, కొందరు లేచేస్తారు. అందుకే రెండు గంటలు పడుకుంటుందిలే అని పెద్ద పని ముందేసుకోవద్దు. మొదటి అరగంటే మీది. ఆపైన వచ్చిందంతా లాభం.

రచయిత్రి: ఆ అరగంటలో మనం చేసేదేమిటి? బట్టలు మడతపెడతాం! అవి పిల్లలు మెలకువగా ఉన్నా అవుతాయి. నేను రాత పనిని రెండుగా విడగొట్టాను. కొత్త పేరా రాయడం, ముగింపు ఆలోచించడం లాంటివి నిద్ర వేళకే. సాపు రాయడం, అచ్చుతప్పులు చూడటం, సంభాషణలు పైకి చదువుకోవడం లాంటివి పిల్లాడు కొంగు లాగుతున్నా నడుస్తాయి. సంభాషణలైతే వాడికే చదివి వినిపిస్తాను, వాడికదో ఆట. ఇంకొకటి, లేచేటప్పుడు వాక్యం పూర్తిచేయను. సగంలో ఆపి, తర్వాత రావాల్సిన మాటలు రెండు పక్కన గీకి వెళ్తాను. పూర్తయిన పేరా తర్వాత మళ్లీ మొదలుపెట్టడం కష్టం. సగం వాక్యమైతే దానంతటదే లాగుతుంది.

చిత్రకారుడు: మాకు రంగులతోనే చిక్కు. పాప పుట్టకముందు ఆయిల్ వేసేవాణ్ని. టర్పెంటైన్ వాసన, ఆరడానికి రోజులు, కుదరదు. యాక్రిలిక్ చూశాను. పలక మీద పిండిన రంగు, పాపని ఎత్తుకుని తిరిగొచ్చేసరికి గట్టిపడిపోతుంది. మళ్లీ నీళ్లు పోసినా కరగదు. చివరికి వాటర్ కలర్ బిళ్లలకి వచ్చాను. అవి ఎండిపోయినా ఫరవాలేదు, తడి కుంచె తగిలిస్తే మళ్లీ లేస్తాయి. మధ్యలో వదిలేస్తే పాడవని సరంజామా ఎంచుకోవడమే నా దృష్టిలో అసలు కిటుకు. అమెరికన్ శిల్పి రూత్ అసావా ఆరుగురు పిల్లల్ని పెంచుతూ ఇంట్లోనే లోహపు తీగతో శిల్పాలు అల్లారు. తీగ అల్లిక ఎక్కడ ఆపినా అక్కడే ఉంటుంది కదా.

రచయిత్రి: కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో కూడా అంతే. పిల్లలు చిన్నవాళ్లు, నవలకి తీరిక లేదు, అందుకే చిన్న కథలు రాశానని ఆవిడే చెప్పుకున్నారు. వాటికే 2013లో నోబెల్ వచ్చింది.

వ్యాఖ్యాత: సార్, మీరు కుంచె పట్టుకున్నప్పుడు పాపని ఎవరు చూస్తారు?

రచయిత్రి: మంచి ప్రశ్న. మగవాళ్లని ఎవరూ అడగరిది!

చిత్రకారుడు: (నవ్వుతూ) నా భార్య చూస్తుంది. ఆవిడ పాట సాధన చేసుకునేటప్పుడు నేను చూస్తాను. వంతులు రాసి గోడకి అంటించాం. ఎవరి వంతైనా పోతే అది మర్నాటికి బాకీ. నోటిమాటగా ఉన్నన్నాళ్లూ రోజూ గొడవే.

వ్యాఖ్యాత: ఆ తోడు లేనివాళ్లు ఫోన్ ఇచ్చేస్తారు కదా, డాక్టర్ గారూ?

వైద్యురాలు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది రెండేళ్లలోపు అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దని. ఆ గంట ఎలాగూ ఇస్తున్నప్పుడు, అప్పుడు మీరూ ఫోన్ చూడకుండా మీ పని చేసుకోండి.

వ్యాఖ్యాత: ప్రేక్షకుల్లోంచి ఒకరు అడుగుతున్నారు. ‘నేను వయొలిన్ తీయగానే మూడేళ్ల మావాడు కమాను లాక్కుంటాడు. ఏం చేయను?’

వైద్యురాలు: ముందు పది నిమిషాలు వాడితో పూర్తిగా ఆడండి. కడుపు నిండిన పిల్లాడిలా కాసేపు వదులుతాడు. ఆ వయసులో ఒంటరిగా ఆడుకునేది కొద్ది నిమిషాలే, గంట ఆశించొద్దు.

చిత్రకారుడు: వాడికీ ఒకటివ్వండి. మా పాపకి నా పక్కనే చిన్న బల్ల, పాత కుంచె, ఒట్టి నీళ్లు. నల్ల అట్ట మీద గీస్తుంది, ఆరగానే మళ్లీ గీస్తుంది.

రచయిత్రి: కమాను విషయంలో నేనొప్పుకోను సార్. అది విరిగే వస్తువు. వాడికి గిలక్కాయో, డబ్బానో ఇచ్చి తాళం వేయమనండి. శ్రుతి తప్పుతుంది, తప్పనివ్వండి. గమకాలు వాడు పడుకున్నాక చూసుకోవచ్చు.