కట్నం వద్దన్న గూఢచారి

శ్రోతలకు నమస్కారం.

జేమ్స్ బాండ్ సినిమాల్లో మీకు బాగా నచ్చింది ఏదని మా బాబాయిని అడగండి. ఒక్క క్షణం ఆలోచించడు. "గూఢచారి 116" అంటాడు. అది బాండ్ సినిమా కాదు బాబాయ్, 1966లో వచ్చిన మన కృష్ణగారి సినిమా అంటే, "అయితే ఏంట్రా? పిస్టల్ పట్టుకున్నాడా లేదా? జయలలిత పక్కన పాటలు పాడాడా లేదా? మీ ఇంగ్లీషువాడు ఒక్క పాటైనా పాడాడా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

బాండ్ అభిమానులు ఎక్కడ ఇద్దరు కలిసినా ముందు వచ్చే ప్రశ్న ఇదే. నీకు ఏది ఇష్టం? కాసేపటికి గొంతులు పెరుగుతాయి. టీ చల్లారిపోతుంది.

చిన్న లెక్క ఒకటి చెబుతాను, వేళ్లు మడవండి. 1962 అక్టోబరులో లండన్‌లో 'డాక్టర్ నో' విడుదలైంది. 2021లో 'నో టైమ్ టు డై' వచ్చింది. ఈ మధ్యలో ఆ వరుసలో మొత్తం 25 సినిమాలు. బాండ్ వేషం వేసినవాళ్లలో షాన్ కానరీవి ఆరు. రోజర్ మూర్‌వి ఏడు. టిమోతీ డాల్టన్‌వి రెండు. పియర్స్ బ్రాస్నన్‌వి నాలుగు. డేనియల్ క్రెయిగ్‌వి ఐదు. కూడారా? ఇరవై నాలుగే వచ్చాయి. ఒకటి తగ్గింది. ఆ తగ్గిన ఒక్కటి గురించే ఇవాళ నా మాటలు.

దాని దగ్గరికి వెళ్లేముందు, అభిమానులు మామూలుగా ఎలా ఎంచుకుంటారో చూద్దాం. వయసుని బట్టి ఎంచుకుంటారు, అంతే. మనకి పన్నెండు పదమూడేళ్లప్పుడు తెరమీద ఎవరున్నారో వాళ్లే మన బాండ్. కానరీని చూసి పెరిగినవాళ్లు 'గోల్డ్‌ఫింగర్' అంటారు. ఒళ్లంతా బంగారు రంగు పూసిన అమ్మాయి, పక్క సీటులో కూర్చున్నవాణ్ణి పైకప్పులోంచి ఎగరగొట్టే కారు, మరి మర్చిపోతారా! ఇంకాస్త నెమ్మదస్తులు 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' అంటారు, ఆ రైలు పెట్టెలో కొట్లాట కోసం. ఇప్పటి కుర్రాళ్లు 'క్యాసినో రాయల్' అనో 'స్కైఫాల్' అనో అంటారు. ఎవరి లెక్క వాళ్లది.

నా లెక్కా అంతే. నేను మొదట చూసిన బాండ్ సినిమా 'ఆక్టోపసీ'. సికింద్రాబాద్ సంగీత్ థియేటర్లో, నాన్నతో. మూర్ ఉదయపూర్ వస్తాడు. ఆటోలో పారిపోతాడు. ఆ ఆటో నడిపేది మన మద్రాసు టెన్నిస్ వీరుడు విజయ్ అమృతరాజ్. వెంటపడిన రౌడీలను టెన్నిస్ రాకెట్‌తో కొడతాడు! హాలంతా ఈలలు. ఇప్పుడు చూస్తే కొంచెం నవ్వొస్తుంది, ఇండియా అంటే కత్తులు మింగేవాళ్లు, నిప్పుల మీద నడిచేవాళ్లేనా అని కోపమూ వస్తుంది. అయినా టీవీలో వస్తే ఛానల్ మార్చలేను. ఆ ఆటో వెనక నాన్న ఉన్నాడు, ఇంటర్వెల్ సమోసా ఉంది.

అలాంటి జ్ఞాపకం ఏదీ వెనక లేకుండా నాకు నచ్చిన బాండ్ సినిమా ఒకే ఒక్కటి. పేరు పెద్దది. 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. మనం మెజెస్టీ సినిమా అనుకుందాం. 1969. ఇందులో బాండ్ జార్జ్ లాజెన్‌బీ. ఆస్ట్రేలియావాడు. అంతకుముందు కార్లు అమ్మాడు, ఫోటోలకు మోడల్‌గా నిలబడ్డాడు, ఒక చాక్లెట్ ప్రకటనలో కనిపించాడు. సినిమా అనుభవం సున్నా. కానరీ క్రాపు చేయించుకునే చోటే క్రాపు, కానరీకి కుట్టే దర్జీ దగ్గరే సూటు. ఆ వేషంతో నిర్మాతల ఆఫీసులోకి నడిచి వెళ్లి, నేనే మీ బాండ్‌ని అన్నట్టు నిలబడ్డాడు. ఆ ధైర్యానికే వేషం ఇచ్చారేమో అనిపిస్తుంది నాకు. తీరా ఆ ఒక్క సినిమాతోనే మానేశాడు, ఇలాంటి సినిమాలకు కాలం చెల్లిందని ఎవరో చెవిలో చెబితే నమ్మి. తర్వాత ఇంకో పంతొమ్మిది వచ్చాయి!

ఇక కథ. సముద్రపు ఒడ్డున ఒకమ్మాయి నీళ్లలోకి నడిచి వెళ్లిపోతుంటుంది. ఈతకి కాదు. బాండ్ పరుగెత్తి బయటికి తెస్తాడు. ఈలోపు ఎవరో మీదపడతారు, కొట్లాట. అది ముగిసేసరికి ఆ అమ్మాయి కారెక్కి వెళ్లిపోతుంది, థాంక్స్ కూడా చెప్పకుండా. అప్పుడు లాజెన్‌బీ మనవైపు తిరిగి, ఆ ముందున్నాయనకి ఇలా ఎప్పుడూ జరగలేదు అంటాడు. కానరీ మీద జోకు. చాలామందికి అది నచ్చదు. నాకు నచ్చుతుంది. కొత్త అల్లుడు ఇంట్లోకి వస్తూనే పాత అల్లుడి ఊసెత్తినట్టుంటుంది.

ఆ అమ్మాయి పేరు ట్రేసీ. వేసింది డయానా రిగ్. తండ్రి పేరు డ్రాకో, పెద్ద నేరస్థుల ముఠాకి నాయకుడు. కూతురంటే ప్రాణం, కూతుర్ని ఎలా దారిలో పెట్టాలో తెలీదు. బాండ్‌ని పిలిపించి కూర్చోబెట్టి ఏమంటాడో తెలుసా? మా అమ్మాయిని పెళ్లి చేసుకో, పెళ్లి రోజున పది లక్షల పౌండ్లు, బంగారంగా ఇస్తాను.

వినండి. పది లక్షల పౌండ్లు. 1969లో. బంగారంగా.

ఇది కట్నం కాకపోతే మరేంటి? ఈ సీను ఇంగ్లండులో చూసినవాళ్లకి ఏమనిపించిందో గానీ, మన ఇళ్లలో పెళ్లిచూపులు చూసినవాళ్లకి మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఆ పెద్దమనిషి కళ్లలో ఆ తొందర, ఆ బతిమాలడం, పైకి డాబు, లోపల బెంగ. ఎంతమంది తండ్రుల్లో చూశాం! బాండ్ కట్నం వద్దంటాడు. నాకు డబ్బు అక్కర్లేదంటాడు. అయితే మరీ మహాత్ముడేం కాదు. కట్నం వద్దు గానీ, నేను వెతుకుతున్న దుర్మార్గుడు బ్లోఫెల్డ్ ఎక్కడున్నాడో చెప్పు అని మెలిక పెడతాడు. ఆ సంగతి ట్రేసీకి తెలిసిపోతుంది. తెలిసి ఏడవదు. తండ్రిని నిలదీస్తుంది. ఆయనకి కావల్సిన సమాచారం ఇచ్చెయ్, ఇక నన్ను చూడాల్సిన అవసరం ఆయనకి ఉండదు, అంటుంది. ఇచ్చేస్తాడు తండ్రి. లేచి వెళ్లిపోతుంది. బాండ్ వెనకాలే వెళ్తాడు. అప్పుడు వస్తుంది అమెరికా జాజ్ గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు. మనకు కావల్సినంత కాలం ఉంది అనే పాట. గరగరలాడే ఆ ముసలి గొంతు తొందర లేదు, తొందర లేదు అంటుంటే వినేవాడికి గుండెలో ఏదో కలుక్కుమంటుంది. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగోలేదు. 1971లో పోయాడు.

నాకు ప్రాణమైన సీను దీని తర్వాత వస్తుంది. మధ్యలో కథ గబగబా చెప్పేస్తాను. స్విట్జర్లాండులో షిల్‌థార్న్ అనే శిఖరం, దాదాపు 2970 మీటర్ల ఎత్తు, దానిమీద గుండ్రంగా తిరిగే హోటలు. సినిమాలో అది బ్లోఫెల్డ్ కోట. బాండ్ వేరే పేరుతో అక్కడికి వెళ్లి పట్టుబడతాడు. రోప్‌వే యంత్రాల గదిలో పడేస్తారు. ప్యాంటు జేబుల్ని చింపి, చేతులకి తొడుక్కుని, ఆ ఇనుప తాడు పట్టుకుని జారతాడు. గమనించండి, జేబులు! ఏ మాయ గడియారమూ లేదు, ఏ మంత్రాల కారూ లేదు. తర్వాత రాత్రివేళ మంచుమీద స్కీయింగు. వెనక తుపాకులు. ఒక కాలి స్కీ ఊడిపోతుంది, ఒంటికాలి మీద దిగుతాడు. ఈ సీన్లు తీసిన విల్లీ బోగ్నర్ జర్మనీ తరఫున ఒలింపిక్స్‌లో స్కీయింగ్ చేసినవాడు. కెమెరా పట్టుకుని తను వెనక్కి జారుతూ తీశాడు.

సరే. కిందకి చేరాడు. ఊళ్లో క్రిస్మస్ సంబరం. పాటలు, జనం, దీపాలు, ఐసు మీద ఆటలు. ఆ జనంలో బాండ్ దాక్కుంటాడు. ఇక్కడ వినండి. జేమ్స్ బాండ్ భయపడతాడు. నిజంగా భయపడతాడు. ఎలుగుబంటి వేషం వేసుకున్నవాడు ఎదురొచ్చి ఫోటో ఫ్లాష్ కొడితే ఉలిక్కిపడతాడు. చుట్టూ వెతుకుతున్నారు. పరుగెత్తే ఓపిక లేదు. ఐసు రింకు పక్కన బల్లమీద కూలబడి, కోటు కాలరు పైకి లాక్కుని, తలవంచుకుని కూర్చుంటాడు. ఇక అయిపోయింది అనుకున్నవాడి కూర్చోవడం అది. అప్పుడు ఐసు మీద జారుతూ వచ్చి రెండు కాళ్లు అతని ముందు ఆగుతాయి. స్కేట్లు. కెమెరా మెల్లగా పైకి వెళ్తుంది. ట్రేసీ!

అంతే సీను. ఆ తర్వాత కారు ఆమే నడుపుతుంది. బాండ్ పక్క సీటులో కూర్చుంటాడు. ఐసు మీద జరుగుతున్న కార్ల పందెంలోకి దూరి, పందెంవాళ్లని చెల్లాచెదరు చేసి, వెంటపడ్డవాళ్లని వదిలించుకుంటుంది. మొదటి సీనులో ఆమెని అతను నీళ్లలోంచి లాగాడు. ఇప్పుడు అతన్ని ఆమె మంచులోంచి లాగింది. ఇక పెళ్లి చేసుకోక ఏం చేస్తాడు?

ఇక్కడొక మనవి. సినిమా చూడనివాళ్లు, ముగింపు చూసే తెలుసుకుంటామనేవాళ్లు, రెండు నిమిషాలు వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టుకుని రండి. వెళ్లారా?

పెళ్లవుతుంది. ఆఫీసువాళ్లంతా వస్తారు. పై అధికారి ఎమ్ వస్తాడు, ఆయన సెక్రటరీ మనీపెన్నీ వచ్చి కళ్లు తుడుచుకుంటుంది. బాండ్ తన టోపీ ఆమె వైపు విసురుతాడు, పాత ఆఫీసు రోజుల్లోలాగే. డ్రాకో మాట తప్పనివాడు, ఆ పది లక్షల కవరు అల్లుడి చేతిలో పెడతాడు. బాండ్ నవ్వుతూ తిరిగి ఇచ్చేస్తాడు. ఈసారి ఏ మెలికా లేదు. కట్నం వద్దన్నాడు, నిజంగానే వద్దన్నాడు.

కారు నిండా పూలు. దారిలో ఆపి ఆ పూలు తీసేస్తుంటాడు బాండ్. పక్కనుంచి ఒక కారు దూసుకుపోతుంది. తుపాకీ మోత. అది బ్లోఫెల్డ్ అంటూ బాండ్ గబుక్కున స్టీరింగు ముందు కూర్చుంటాడు. పక్కకి తిరుగుతాడు. ఆమె మాట్లాడదు. ముందు అద్దంలో గుండు పడిన చిల్లు.

మోటారు సైకిలు మీద పోలీసు వచ్చి తొంగిచూస్తాడు. ఏం ఫర్వాలేదు, విశ్రాంతి తీసుకుంటోంది, కాసేపట్లో బయల్దేరతాం, తొందరేం లేదు, మాకు కావల్సినంత కాలం ఉంది, అంటాడు బాండ్. పాటలో మాట. అద్దం మీది చిల్లు దగ్గర సినిమా ఆగుతుంది.

కాఫీకి వెళ్లినవాళ్లు రావచ్చు.

అప్పట్లో చాలామంది దీన్ని మెచ్చలేదు. కానరీ ఏడీ అన్నారు, బాండ్ ఏడవడమేంటన్నారు. మెల్లమెల్లగా మాట మారింది. తనకి అన్నిటికంటే ఇష్టమైన బాండ్ సినిమా ఇదేనని దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ చెప్పాడు. 'నో టైమ్ టు డై' చివర్లో మళ్లీ అదే ఆర్మ్‌స్ట్రాంగ్ పాట వినిపించారు, 52 ఏళ్ల తర్వాత.

నేను చెప్పదలచిన పనికొచ్చే ముక్క ఒక్కటే. ఇంట్లో పిల్లలకి బాండ్‌ని పరిచయం చేయాలంటే ఈ సినిమాతో మొదలుపెట్టకండి. శనివారం 'గోల్డ్‌ఫింగర్' చూపించండి. ఎవడికీ చిక్కనివాడు, దేనికీ చలించనివాడు బాండ్ అని వాళ్లు నమ్మాలి. ఆదివారం మెజెస్టీ సినిమా పెట్టండి. అది రెండు గంటల ఇరవై నిమిషాలు దాటుతుంది, భోజనాలయ్యాక కూర్చోండి. ముగిశాక ఇంకో ఐదు నిమిషాలు ఖర్చు పెట్టి 1981 నాటి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' మొదలు చూపించండి. మూర్ పూలు పట్టుకుని ఒక సమాధి దగ్గరికి వస్తాడు. రాతిమీద థెరీసా బాండ్ అని (ట్రేసీ అసలు పేరు అదే), 1943 నుంచి 1969 అని ఉంటుంది. కింద అదే మాట, మనకు కావల్సినంత కాలం ఉంది. నటుడు మారాడు, పన్నెండేళ్లు గడిచాయి, అయినా ఆ మనిషి మర్చిపోలేదు. 1977 సినిమాలో రష్యా గూఢచారిణి పెళ్లి సంగతి ఎత్తబోతే మాట మధ్యలోనే తుంచేస్తాడు. 1989లో స్నేహితుడి పెళ్లిలో డాల్టన్ ముఖం ఒక్కసారి మాడిపోతుంది, ఆయనకీ ఒకప్పుడు పెళ్లయిందిలే అంటాడు ఆ స్నేహితుడు. ఇవన్నీ ఈ ఒక్క సినిమా చూసినవాళ్లకే పట్టుబడతాయి.

ఇదే వరుసలో కిందటి సంక్రాంతికి మా బాబాయిని కూర్చోబెట్టాను. శనివారం 'గోల్డ్‌ఫింగర్' మధ్యలో కునికిపాట్లు పడ్డాడు. ఆదివారం పడలేదు. చివర్లో కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "ఆ కవరు వెనక్కిచ్చినప్పుడే అనుకున్నాన్రా, వీళ్ల సంతోషం ఎక్కువ సేపు ఉంచరని" అన్నాడు. నేను గెలిచానని సంబరపడి, మరి ఇప్పుడు చెప్పు బాబాయ్, నీకు ఏది ఇష్టం, అని అడిగాను.

"116" అన్నాడు.